అద్దంలా మెరిస్తే చాలా? బాయిలర్ ట్యూబు లోపలి కథ

హోస్ట్: నమస్కారం. విజయవాడ భవానీపురంలో మా ఇంట్లోనే రికార్డ్ చేస్తున్నాం. ఈరోజు మా బాబాయ్ వచ్చారు, బాయిలర్ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. బాబాయ్, ముందు నా అనుమానం అడిగేస్తాను. ఆటోనగర్‌లో స్టెయిన్‌లెస్ పైపుకి బఫింగ్ కొట్టి అద్దంలా చేసిచ్చి, ఇక దీనికి ఢోకా లేదంటారు. బాగా వేడిలో వాడే పైపుకి కూడా అంతేనా?

బాబాయ్: వాననీళ్లు తగిలే పైపుకైతే చాలావరకు నిజమేనమ్మా. నున్నగా ఉంటే మురికి, ఉప్పు నిలవవు. 600 డిగ్రీల ఆవిరి పారే ట్యూబుకి ఆ లెక్క పనికిరాదు. అక్కడ మెరుపు చూసి మోసపోతాం. చూడాల్సింది ఆ మెరుపు కింద పదుల మైక్రాన్ల లోతులో లోహం ఎలా ఉందని.

హోస్ట్: పదుల మైక్రాన్లంటే?

బాబాయ్: దాదాపు తల వెంట్రుక మందం. అంత పొర కోసం ఇంత పట్టింపు ఎందుకంటావా? మన ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్ ఉంది కదా, అది సూపర్‌క్రిటికల్. వేడి 374 డిగ్రీలు, ఒత్తిడి 221 బార్లు దాటాక నీరు, ఆవిరి అని తేడా ఉండదు. ఇలాంటి బాయిలర్లలో బాగా వేడెక్కే సూపర్‌హీటర్ ట్యూబులకి, అంటే ఆవిరిని ఇంకా వేడెక్కించే గొట్టాలకి, సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న ఉక్కు రకాలు వాడతారు. ఆ ఉక్కుని కాపాడేది క్రోమియం ఆక్సైడ్ పొర. పలచగా, దట్టంగా అంటుకుని ఉంటుంది. అది కట్టాలంటే లోపలి క్రోమియం పైకి రావాలి. ఈలోపు ఇనుమే ఆక్సైడై మందంగా పేరుకుందా, ఇక చెడినట్టే.

హోస్ట్: క్రోమియం రావడానికి అడ్డేమిటి?

బాబాయ్: దారి చాలకపోవడం. లోహం నిండా చిన్న చిన్న రేణువులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. రేణువు నడిమిలోంచి అణువు కదలడం చాలా నెమ్మది. రేణువుల మధ్య సందుల్లోంచైతే త్వరగా వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు కట్టకి పడ్డ గండ్లు మనమంతా చూశాం. గండి దాకా ఒక్కటే ఇరుకు దారి ఉంటే రాళ్ల లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగాల్సిందే. నాలుగు దారులుంటే గండి పెద్దది కాకముందే పూడుతుంది. ఇక్కడా అంతే.

హోస్ట్: మరి లోహంలో దారులు ఎలా వేస్తారు?

బాబాయ్: షాట్ పీనింగ్. సన్నటి ఉక్కు గుండ్లని ట్యూబు లోపలి గోడకి బలంగా కొడతారు. ఆ దెబ్బలకి పైపొర నలిగిపోయి, లోపలంతా లోపాల గీతలు పడతాయి. వేడెక్కాక అక్కడ సన్నటి రేణువులు ఏర్పడతాయి. ఇక క్రోమియానికి ఎన్ని దారులో! గ్రైండింగ్ చేసినా కొంత ఇదే జరుగుతుంది. ఎలక్ట్రోపాలిష్ చేస్తే, అంటే రసాయనంలో ముంచి కరెంటుతో నున్నగా చేస్తే, ఆ నలిగిన పొర కరిగిపోతుంది. అందుకే ఇలాంటి ఉక్కులో, ఆవిరిలో, అద్దంలాంటి ముక్కకే మందంగా ఆక్సైడ్ పొలుసు కట్టవచ్చు.

హోస్ట్: అయితే ఎంత గరుకుంటే అంత మంచిదా?

బాబాయ్: అలా అనుకోవద్దు. లోతైన గీత అంచు మీద కట్టిన పొర ఒత్తిడికి తొందరగా పగులుతుంది. మామూలు ఇనుము (మైల్డ్ స్టీల్) మీద వాడిన గ్రైండింగ్ వీల్‌తోనే స్టెయిన్‌లెస్ రుద్దితే ఇనుప రజను అంటుకుంటుంది. ఆ పని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పైగా 9 శాతం క్రోమియం ఉన్న ఉక్కుకి పీనింగ్ వల్ల వచ్చే లాభం తక్కువ. దారులున్నా, రావాల్సిన సరుకే సరిపడా లేదు కదా.

హోస్ట్: మీరు ఒకసారి ట్యూబు పేలిన సంగతి చెప్పారు.

బాబాయ్: ఏ కేంద్రమో చెప్పనులే. షట్‌డౌన్ తర్వాత యూనిట్ మళ్లీ లైట్‌అప్ చేశాం, అంటే బాయిలర్‌లో మంట వెలిగించాం, కొద్దిసేపటికే ట్యూబు లీక్. ట్యూబు కింది వంపు కోసి బోర్లిస్తే గుప్పెడు నల్ల పెచ్చులు రాలాయి. ఈ ఉక్కు చల్లారేటప్పుడు ఆక్సైడ్ కంటే ఎక్కువ ముడుచుకుంటుంది, మందమైన పొర ఆ తేడాకి తట్టుకోలేక ఊడిపోతుంది. పెచ్చులు వంపులో పేరుకుంటే ట్యూబు వేడిని లాగేసే ఆవిరి ఆగుతుంది, ట్యూబు కాలిపోయి పగులుతుంది. సన్నటి రజనైతే టర్బైన్ దాకా పోయి బ్లేడ్లు అరగదీస్తుంది. ఆ పెచ్చులు చేతిలో పట్టుకున్నప్పుడు నిజంగా ఏడుపొచ్చింది.

హోస్ట్: ఆ ట్యూబులకి పీనింగ్ లేదా?

బాబాయ్: ఉంది. కానీ వంచాక ఆ వంపుని బాగా కాల్చి హీట్ ట్రీట్‌మెంట్ చేశారు. ఆ వేడికి నలిగిన పొర మళ్లీ మెత్తబడి పెద్ద రేణువులైపోయింది. కష్టపడి వేసిన దారులు మూసుకుపోయినట్టే. వంపు పని, హీట్ ట్రీట్‌మెంట్ అయ్యాకే పీనింగ్ చేయించాలి. ట్యూబు ఆర్డర్ పెట్టేటప్పుడే ఈ వరస రాసివ్వండి.

హోస్ట్: కోయకుండా పెచ్చులు కనిపెట్టలేమా?

బాబాయ్: ఈ 18-8 ఉక్కుకి అయస్కాంతం సరిగా అంటదు. రాలిన పెచ్చుల్లో ఉండే మాగ్నటైట్‌కి, అంటే నల్లటి ఇనుప ఆక్సైడ్‌కి, బాగా అంటుతుంది. అందుకే షట్‌డౌన్‌లో వంపుల దగ్గర అయస్కాంత మీటర్ పెట్టి చూస్తారు. ముల్లు కదిలిందంటే, ఆ వంపు కోసి శుభ్రం చేశాకే లైట్‌అప్.