ఇసుక కింద

(డిసెంబర్ 5, ప్రపంచ నేలల దినోత్సవం నాడు ఉద్దానంలోని ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకి, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను నేలల శాస్త్రవేత్త అన్నారు. కాదండీ. ముప్పై రెండేళ్లు ఉద్యోగం పేరుతో మట్టి సంచులు మోసినవాణ్ణి, అంతే. శాలువా కప్పారు, సంతోషం. చలి మొదలైంది కాబట్టి ఇంటికెళ్లాక కూడా పనికొస్తుంది.

బ్యానర్ మీద నా అంశం 'నేలతల్లి రుణం' అని ఉంది. దాని గురించి చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2013లో నిర్ణయించింది, 2014 నుంచి ఏటా డిసెంబర్ 5న ఈ దినోత్సవం జరుపుతున్నారు. అయిపోయింది. ఇరవై నిమిషాలన్నారు, ఒకటి గడిచింది. మిగిలిన పంతొమ్మిదీ నాకు వదిలెయ్యండి.

పొద్దున్నే వచ్చి ఈ గ్రంథాలయం వెనక గొయ్యి తీయించాను. వాచ్‌మన్ హడలిపోయాడు. "పాము దూరిందా సార్?" అన్నాడు. లేదు బాబూ, చూపించడానికి అన్నాను. గోతిలో ఏముంటుంది చూడ్డానికి అని నవ్వుకుంటూ వెళ్లాడు. అక్కడికి చివర్లో వెళ్దాం.

మా చిన్నాన్నకి గెడ్డ (వాగు) పక్కన ఎకరం పల్లం భూమి ఉండేది. తెల్లటి ఇసుక. 1991లో అందులో ఎనభై నిమ్మ మొక్కలు వేస్తానన్నాడు. నేను అప్పటికి ఉద్యోగంలో కుదురుకున్నవాణ్ణి, జేబులో పెన్ను, చేతిలో ఫారం. వెళ్లి పైన ఆరంగుళాల మట్టి తీశాను. పిడికిట్లో నలిపి చూశాను, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఫారంలో రాశాను: 'ఇసుక నేల. మురుగు పారుదల బాగుంది. నిమ్మకు అనుకూలం.' మురుగు పారుదల అంటే వేళ్ల దగ్గర నీరు నిలవకుండా దిగిపోవడం. కింద సంతకం. అన్న కొడుకే సంతకం పెట్టాడని చిన్నాన్న ఊరంతా చెప్పుకున్నాడు.

శ్రావణం దాకా మొక్కలు బాగానే ఉన్నాయి. భాద్రపదం వానలకి మధ్యాహ్నం పూట ఆకులు వేలాడడం మొదలైంది. తర్వాత పసుపు తిరిగాయి. కబురు పెడితే వెళ్లాను. ఇసుక నేల కదా, వానకీ వానకీ మధ్య ఆరిపోతోంది, నీళ్లు చాలట్లేదు అన్నాను. ఆయనకి అప్పటికే అరవై దాటాయి. నా మాట మీద నూతి దగ్గర నుంచి కావిడితో నీళ్లు మోశాడు. రెండు వారాలు మోశాడు. మునిగిపోతున్న మొక్కకి నీళ్లు పోయించాను నేను.

ఒకరోజు ఆయనే ఒక మొక్క పీకాడు. ఉడికించిన వేరుశనగ గింజ మీద పొట్టు ఊడొచ్చినట్టు వేరు మీది బెరడు చేతికి ఊడొచ్చింది. కుళ్లిన కోడిగుడ్డు కంపు. పార తీసుకుని అక్కడే తవ్వాడు. మోకాటి లోతు రాకుండానే పక్కల నుంచి నీరు ఊరింది. ఇంకాస్త కిందకి గునపం దింపితే బంకమట్టిలో దిగబడిపోయి రావడానికి మొరాయించింది. చిన్నాన్న గునపం అలాగే వదిలేసి నా వైపు చూశాడు. "ఏట్రా బాబూ, నీ సదువు ఇసక మీదే ఆగిపోనాదేటి? కిందకెల్నేదా?" అన్నాడు.

తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇంటర్ పిల్లలున్నారు కదా, చివరి వరుసలో ఫోన్ చూసుకుంటున్న బాబూ, నీకే ఈ ప్రశ్న. ఒక కుండకి అడుగున చిల్లుంది, ఇంకో కుండకి లేదు. రెండింటి నిండా ఒకే ఇసుక పోశాం. చెంబుడు చెంబుడు నీళ్లు పోస్తే ఏమవుతుంది? మొదటిదాంట్లోంచి కారిపోతాయి. రెండోదాంట్లో కింద నుంచి నిండుకుంటూ పైకొస్తాయి. ఇసుక రెండు చోట్లా తన పని తాను చేసింది, నీటికి దారిచ్చింది. ఆ నీరు ఎక్కడికి పోవాలన్నది అడుగు తేల్చే సంగతి. నేను ఫారంలో ఇసుక గురించి రాశాను, కుండ గురించి రాయలేదు. ఇసుక రేణువుల మధ్య సందులన్నీ నీటితో నిండితే గాలికి చోటుండదు. వేరు ఊపిరాడక చస్తుంది. చచ్చిన వేరు నీరు పీల్చలేదు కాబట్టి, కాళ్ల కింద చెరువున్నా పైన ఆకు కరువొచ్చినట్టు వాడుతుంది. నేను మోసపోయింది అక్కడే.

ఇది జరిగిన పాతికేళ్లకి, 2016లో, మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లాను. ఫ్లోరిడా రాష్ట్రం, మయామీకి కొంచెం ఉత్తరాన. మొదటి నెల బాగానే ఉంది. రెండో నెలకి ఏం తోచలేదు. పక్కింటివాళ్లు పెరట్లో ఈత కొలను తవ్విస్తుంటే కంచె పట్టుకుని నిలబడ్డాను. పైన జానెడు నల్లటి ఇసుక, దాని కింద బూడిద రంగు, ఇంకా కిందకి తెల్లగా. మన బీచ్ ఇసుకలాంటిదే. రెండడుగులు తవ్వేసరికి నీళ్లు. ఆ వెంటనే యంత్రం తొట్టి దేనికో గీసుకుని కీచుమంది. రాయి.

నాకు వెంటనే చిన్నాన్న గునపం గుర్తొచ్చింది. మా అమ్మాయి "నాన్నా, అలా వాళ్ల పెరట్లోకి తొంగి చూడకూడదు" అంటున్నా వినకుండా ఆ డ్రైవర్ని సైగలతో అడిగి ఒక రాయి ముక్క తెచ్చుకున్నాను. మట్టి విమానంలో తేనివ్వరు, అందుకని రాయిని బ్రష్‌తో కడిగి సూట్‌కేసులో పెట్టాను. ఇదిగో, ఇదే. వరుసగా చేతులు మార్చుకోండి, దగ్గరగా చూస్తే గుల్ల అచ్చు కనిపిస్తుంది. మళ్లీ నా దగ్గరికి రావాలి సుమా.

అది సున్నపురాయి. బొర్రా గుహలు చూశారు కదా, ఆ జాతే. కాకపోతే బొర్రా రాయి కోట్ల ఏళ్ల నాటి తాత. మయామీ కింద ఉన్నది దాని ముందు పసిపిల్ల, సుమారు లక్షా పాతిక వేల ఏళ్లది. అప్పట్లో సముద్రం ఇప్పటికంటే ఎత్తుగా ఉండేది, ఆ లోతులేని నీళ్లలో పేరుకున్న సున్నం గట్టిపడి రాయయ్యింది. మన తాతలు గుల్లలు ఏరి కాల్చి గుల్లసున్నం చేసి గోడలకి కొట్టారు. అక్కడ ప్రకృతి ఆ సున్నంతో నేల కింద గచ్చే చేసి పెట్టింది. నిమ్మకాయ పిండితే ఈ రాయి బుసబుసా పొంగుతుంది. మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా ఈ ప్రయోగం చేసి చూపిస్తాననీ, నిమ్మకాయలు దండగనీ మా ఆవిడ గోల.

దాని మీద ఇసుక ఆ ఊరిది కాదు. ఉత్తరాన అపలాచియన్ కొండలు అరిగితే నదులూ సముద్ర ప్రవాహాలూ కలిసి దక్షిణానికి తోసుకొచ్చాయి. మన దగ్గర తూర్పు కనుమల్ని వంశధార, నాగావళి కోసి తెచ్చి సముద్రానికిస్తే, సముద్రం తిరిగి మన ఒడ్డున పరిచింది కదా, అలాగే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. చిన్నాన్న పొలంలో బంకమట్టి నీటిని దిగనివ్వలేదు. ఫ్లోరిడాలో సున్నపురాయి అలా అడ్డుకోదు. దాన్నిండా కన్నాలు, స్పాంజిలా ఉంటుంది. వాననీరు గాలిలోనూ నేలలోనూ బొగ్గుపులుసు వాయువు కలుపుకుని కాస్త పుల్లబడుతుంది, ఆ నీరు రాయిని తిని గుంతలు చేస్తుంది. అందుకే అక్కడ ఒక చోట జానెడు లోతులో రాయి తగిలితే, నాలుగడుగుల పక్కన నిలువెత్తు దిగినా తగలకపోవచ్చు. మరి అన్ని కన్నాలుంటే నీరు ఎందుకు దిగదు? ఎందుకంటే ఆ స్పాంజి ముందే నిండిపోయి ఉంది. భూమి అరచేయిలా చదును, సముద్రానికి కొద్ది అడుగులే ఎత్తు. వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపే కురుస్తుంది. నీరు పోవడానికి వాలు లేదు. ఏటా కొన్ని నెలలు అడుగు లోతులోనే నీరు నిలబడి ఉంటుంది. అవే నేలలు వానల్లేని నెలల్లో నీటి చుక్క పట్టుకోలేక మాడ్చేస్తాయి, ఎంతైనా ఇసుకే కదా. ఒకే మడిలో ఆర్నెల్లు మునక, ఆర్నెల్లు కరువు.

అలాంటి ఒక నేలకి అక్కడివాళ్లు హాలండేల్ అని పేరు పెట్టారు. అదొక ఊరి పేరు. ఇరవై అంగుళాల లోపే సున్నపురాయి తగిలే, నీరు సరిగా దిగని ఇసుక నేల ఎక్కడ కనిపించినా ఆ పేరుతోనే మ్యాపులో గీస్తారు. మన సోంపేట పేరు ఒక నేలకి పెట్టి జిల్లా మ్యాపు గీసినట్టు. ఆ రాష్ట్రానికి రాష్ట్ర నేల కూడా ఉంది, మయాకా అంటారు, 1989లో ప్రకటించారు. అదీ నీరు దిగని ఇసుకే, కాకపోతే దాని కింద సున్నపురాయికి బదులు నల్లటి పొర ఉంటుంది. మనకి రాష్ట్ర పక్షి ఉంది, పువ్వుంది, చెట్టుంది. నేల ఏదీ?

వాళ్లు తెలివైనవాళ్లనీ మనం కాదనీ చెప్పడానికి రాలేదు నేను. వాళ్లూ బోల్తా పడ్డారు. నీరు పోవాలని గత శతాబ్దంలో పెద్ద పెద్ద కాలువలు తవ్వి మంచినీటిని సముద్రంలోకి వదిలారు. కన్నాల రాయి కదా, మంచినీటి మట్టం తగ్గేసరికి అదే దారిన సముద్రం లోపలికొచ్చింది, బావులు కొన్ని ఉప్పబడ్డాయి. ఇప్పుడు ఆ కాలువలకి గేట్లు పెట్టి, ఎంత వదలాలి, ఎంత ఆపాలి అని ఏడాది పొడుగునా టెన్షన్ పడుతున్నారు. కవిటి, ఇచ్ఛాపురం వైపు తోటల్లో మోటార్లు పెట్టుకున్నవాళ్లు ఈ ముక్క ఇంటికి పట్టుకెళ్లండి.

నిమ్మ, నారింజ తోటలు అక్కడ ఎలా వేస్తారో చూశాను. మట్టి ఎగదోసి ఎత్తు బోదె కడతారు, దాని మీద రెండు వరుసల చెట్లు, పక్కన కాలువ, ఆ కాలువ పెద్ద కాలువలోకి. చెట్టు కాళ్లు పొడిగా ఉండాలని. ఆ ఎకరంలో చిన్నాన్న చేత రెండడుగుల ఎత్తు బోదెలు కట్టించి ఉంటే మొక్కలు బతికేవేమో. అది చెప్పడానికి ముందు కింద నీరుందని తెలియాలి కదా.

అసలు మాటకొస్తున్నాను. తోటల సంగతి వదలండి, మన ఇళ్లలో మరుగుదొడ్డి గొయ్యి ఎక్కడ తవ్వుతున్నాం? ఫ్లోరిడాలో సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే పొర అడుగుకీ, వానాకాలం నీరు ఎక్కే మట్టానికీ మధ్య 24 అంగుళాలు పొడి మట్టి ఉండాలి. లేకపోతే మట్టి దిబ్బ పోసి దాని మీద కట్టుకోవాలి. మురుగు ఆ పొడి మట్టిలోంచి దిగేటప్పుడే సూక్ష్మజీవులు చాలావరకు వడకట్టబడతాయి. మరి మన పల్లపు వీధుల్లో? ఎండాకాలం తవ్వుతాం, పొడి ఇసుక కనిపిస్తుంది, బాగుందనుకుంటాం. భాద్రపదంలో ఆ గొయ్యి అడుగు నీళ్లలో ఉంటుంది. పక్కనే నుయ్యి. అమ్మా, నవ్వుతున్నారు, మీ పెరట్లో రెండింటి మధ్య ఎన్ని అడుగులు? ఇప్పుడు చెప్పక్కర్లేదు, ఇంటికెళ్లి కొలవండి.

వానాకాలం దాకా ఆగక్కర్లేదు. నీరు ఎక్కడిదాకా ఎక్కుతుందో నేల రంగే చెబుతుంది. గాలి ఆడే మట్టిలో ఇనుము తుప్పుపట్టి ఎర్రగా, పసుపుగా ఉంటుంది. నెలల తరబడి నీటిలో నానితే ఆ ఇనుము కరిగిపోయి ఇసుక బూడిద రంగుకి తిరుగుతుంది. మధ్యలో వేరు పోయిన దారి వెంట గాలి దూరిన చోట తుప్పు మరకలు మిగులుతాయి. ఆ మరకలు ఎక్కడ మొదలయ్యాయో అక్కడ వేలు పెట్టండి. నీరు అక్కడిదాకా వచ్చి వెళ్లిందన్నమాట. మండు వేసవిలో కూడా చూడొచ్చు.

భూసార కార్డులు మీ అందరి ఇళ్లలోనూ ఉన్నాయి. 2015లో వచ్చిన పథకం. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, మొత్తం పన్నెండు పరీక్షలు. మంచి పథకమే, నేనూ ఆ నమూనాలు తీసినవాణ్ణే. కానీ పంట పొలాల్లో నమూనా ఆరంగుళాల దగ్గరే ఆగిపోతుంది. ఆ పన్నెండింట్లో 'కింద ఏముంది, నీరు ఎంత లోతులో ఉంది' అనే గడి లేదు. చిన్నాన్న ఎకరానికి ఇవాళ కార్డు తీయించినా అది చెప్పదు. పదమూడో గడి పెట్టమని అడిగినచోటల్లా అడిగాను, రాసి కూడా ఇచ్చాను. "మంచి సలహా మాస్టారూ" అన్నారు, టీ ఇచ్చారు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చింది. ఆ రాత్రి గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. తెల్లారి మా వీధి నుంచి తోటలోకి నడిస్తే కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడున్నాయి. ఆ గాలికి ఏదీ ఆగదు, ఒప్పుకుంటాను. పల్లంలో పడిన చెట్ల వేళ్లు మాత్రం చూశాను. కింద కత్తిరించినట్టు బల్లపరుపుగా ఉన్నాయి, నీరున్న చోట ఆగిపోయాయి. మెరక మీద పడినవాటి వేళ్లకి లోతు నుంచి పట్టుకొచ్చిన మట్టి ఉంది. ఉద్దానమంతా వేల గోతులు, ఎవరూ పార పట్టకుండానే తీసి పెట్టినవి. మరి మనం ఏం చేశాం? ఏడుస్తూ దుంగలు కోసి లారీలకెక్కించి గోతులు పూడ్చాం. అదే గోతుల్లో అవే మొక్కలు మళ్లీ పెట్టాం. నేనూ పెట్టాను. అప్పుడు నాకూ బుర్ర పనిచెయ్యలేదు.

చిన్నాన్న ఆ ఎకరంలో తర్వాత నిమ్మ వెయ్యలేదు. వరి ఊడ్చాడు. బంకమట్టి నీరు పట్టుకుంటుంది కదా, వరికి అదే కావాలి. రెండేళ్లు పండించి, ఒక సంక్రాంతికి ఆ బియ్యం మా ఇంటికి పంపాడు, సగం బస్తా. "మురుగు పారుదల బాగున్న నేలలో పండినాయని సెప్పు" అని కబురు. మా ఆవిడకి అర్థం కాలేదు. నేను వివరించలేదు.

గంట కొడుతున్నారు, చూశాను. రెండే నిమిషాలు. రాయి ఎక్కడుంది? మూడో వరుసా? ఇటు ఇవ్వండమ్మా.

ఇప్పుడందరూ వెనక్కి రండి. పొద్దున్న ఎనిమిదింటికి మూడడుగులు తవ్వించాను, అప్పుడు అడుగు తడిగా ఉంది, నీరు లేదు. గోతిలో ఒక కర్ర గుచ్చి సుద్దముక్కతో గీతలు పెట్టాను. ఇందాక మీటింగుకి వస్తూ చూస్తే మొదటి గీత మునిగింది. రెండోది మునిగిందో లేదో నాకూ తెలీదు, చూద్దాం. పిల్లలు ముందు. గట్టు ఇసుక, విరిగిపోతుంది, మరీ అంచుకి వెళ్లకండి. టీ అక్కడికే తెమ్మన్నాను.