కాపీ చేసింది ఎవరెవరు చదువుతున్నారు? ఆండ్రాయిడ్ క్లిప్‌బోర్డ్ లోపలి కథ

రవళి: అందరికీ నమస్కారం. ఈరోజు మనతో శేఖరన్న ఉన్నారు. ఆండ్రాయిడ్ ఫ్రేమ్‌వర్క్ మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. అన్నా, క్లిప్‌బోర్డ్, అంటే కాపీ చేసింది పేస్ట్ చేసేదాకా ఉండే చోటు, దాని గురించి మాట్లాడదాం అని మీరు అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. కాపీ, పేస్ట్... అందులో చెప్పుకోవడానికి ఏముంటుంది?

శేఖర్: ఆండ్రాయిడ్ సోర్స్‌లో క్లిప్‌బోర్డ్‌సర్వీస్ అని ఒక జావా ఫైల్ ఉంటుంది. ఎవరైనా తెరిచి చూడొచ్చు, ఓపెన్ సోర్సే కదా. దాని మొదటి వెర్షన్, ఇప్పటి వెర్షన్ పక్కపక్కన పెట్టి చదువు. పాతదాంట్లో పని మాత్రమే ఉంటుంది. కొత్తదాంట్లో పని కొంచెం, ఆరా తీయడం బోలెడంత. నువ్వెవరు, ఏ యూజర్ తరఫున వచ్చావు, నీ విండో తెర మీద ఉందా, ఫోన్ లాక్‌లో ఉందా... ఇవన్నీ తేలాకే చేతికి ఏదైనా ఇస్తుంది.

రవళి: మొదట్లో ఎలా ఉండేది?

శేఖర్: 2008లో మొదటి ఆండ్రాయిడ్. క్లిప్‌బోర్డ్ అంటే సర్వీస్ లోపల ఒకే ఒక్క వేరియబుల్, అందులో వట్టి టెక్స్ట్. దానికి మూడే పనులు: టెక్స్ట్ పెట్టు, టెక్స్ట్ తీసుకో, టెక్స్ట్ ఉందా లేదా చెప్పు. అంతే. పర్మిషన్ లేదు, ఎవరు అడుగుతున్నారన్న ప్రశ్నే లేదు. ఊరి రచ్చబండ మీద చీటీ పెట్టి వెళ్లినట్టు. దారిన పోయేవాడు ఎవడైనా చదువుకోవచ్చు, చెరిపేసి ఇంకోటి రాయొచ్చు.

రవళి: అప్పుడు ఐఫోన్‌లో అసలు కాపీ పేస్టే లేదు కదా?

శేఖర్: లేదు. ఐఫోన్ 2007లో వచ్చింది, కాపీ పేస్ట్ 2009 జూన్‌లో, మూడో వెర్షన్‌తో వచ్చింది. విండోస్ ఫోన్ 7 కూడా 2010లో కాపీ పేస్ట్ లేకుండానే వచ్చి, మరుసటి ఏడాది అప్‌డేట్‌లో తెచ్చుకుంది. అప్పట్లో ఆండ్రాయిడ్ వాళ్లు దీన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లు. ముందే ఉండటం గొప్పే. కానీ ముందే తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టడం వల్ల, తర్వాత ఒక్కోటి మూయడానికి పదిహేనేళ్లు పట్టింది.

రవళి: మొదటి పెద్ద మార్పు ఎప్పుడు?

శేఖర్: 2011, హనీకోంబ్. టాబ్లెట్ల కోసం చేసిన వెర్షన్. వట్టి టెక్స్ట్ చాలదని క్లిప్‌డేటా అనే కొత్త నిర్మాణం తెచ్చారు. అందులో టెక్స్ట్ ఉండొచ్చు, ఇంటెంట్ (ఫలానా పని చేయమని చెప్పే సందేశం) ఉండొచ్చు, యూఆర్ఐ (ఫైల్ ఎక్కడుందో చెప్పే అడ్రస్) ఉండొచ్చు. ఆ మరుసటి ఏడాది హెచ్‌టీఎంఎల్ కూడా చేరింది. మరి పాత క్లాస్, అంటే పాత క్లిప్‌బోర్డ్ కోడ్, వాడుతున్న యాప్‌ల గతేమిటి? తీసేస్తే అవన్నీ కూలిపోతాయి. పాము చావాలి, కర్ర విరగకూడదు. అందుకని కొత్త క్లిప్‌బోర్డ్‌మేనేజర్‌ని పాతదానికి వారసురాలిగా రాశారు. అంటే పాత యాప్ అడిగినా అందేది కొత్త వస్తువే, పాత పేర్లతో పిలిచినా పలుకుతుంది. పాత క్లాస్ మీద 'ఇక వాడకండి' అని బోర్డు పెట్టారు, తీయలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

రవళి: యూఆర్ఐ అంటే, ఫొటో కాపీ చేస్తే ఫొటో మొత్తం క్లిప్‌బోర్డ్‌లోకి పోదా?

శేఖర్: పోదు. ప్రాసెస్‌ల మధ్య, అంటే విడివిడిగా నడిచే యాప్‌లు, సర్వీసుల మధ్య, సమాచారం బైండర్ అనే ఆండ్రాయిడ్ దారిలో వెళ్తుంది, దాని బఫర్ ఒక ఎంబీయే. మరీ పెద్ద టెక్స్ట్ కాపీ చేసినా కొన్ని యాప్‌లు క్రాష్ అవుతాయి, కారణం అదే. అందుకే ఫొటో అయితే అడ్రస్ మాత్రమే పెడతారు. నాకు ఈ ఫైల్‌లో బాగా నచ్చే చోటు ఇదే. ఆ అడ్రస్ తెరవడానికి పేస్ట్ చేసే యాప్‌కి హక్కు లేదు కదా? కాబట్టి పేస్ట్ చేసే క్షణంలో సర్వీసే దానికి చదువుకునే అనుమతి తాత్కాలికంగా ఇస్తుంది. ఇక్కడ ఒక దొంగదారి ఉంది. నాకు హక్కు లేని ఫైల్ అడ్రస్ నేనే క్లిప్‌బోర్డ్‌లో పెట్టి, నేనే పేస్ట్ చేసుకుంటే?

రవళి: సిస్టమే నాకు తాళం తీసి ఇస్తుంది!

శేఖర్: అందుకే పెట్టేటప్పుడే అడుగుతుంది: ఈ అడ్రస్ మీద నీకు హక్కు ఉందా, ఇంకొకరికి ఇచ్చే అధికారం ఉందా అని. లేకపోతే అక్కడే సెక్యూరిటీ ఎక్సెప్షన్, అంటే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఇది రాసినవాళ్లు చాలా జాగ్రత్తపరులు. విచిత్రమేంటంటే, ఫైళ్ల విషయంలో ఇంత జాగ్రత్తపడినవాళ్లు టెక్స్ట్‌ని గాలికొదిలేశారు. పైగా అదే వెర్షన్‌లో లిజనర్ కూడా ఇచ్చారు. క్లిప్‌బోర్డ్‌లో ఏదైనా మారగానే నీకు కబురొస్తుంది. వెనకాల కూర్చున్న యాప్‌కి కూడా.

రవళి: అంటే నేను పాస్‌వర్డ్ కాపీ చేసిన క్షణంలోనే...

శేఖర్: దానికి తెలిసిపోతుంది. ఫోన్లలో పాస్‌వర్డ్ మేనేజర్లు వాడే అలవాటు పెరుగుతున్న రోజులవి. ఓటీపీలు, అకౌంట్ నంబర్లు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు, మనవాళ్లం అన్నీ కాపీ చేస్తాం కదా. 2019 ఫిబ్రవరిలో ఈసెట్ అనే సెక్యూరిటీ కంపెనీ ప్లే స్టోర్‌లోనే ఒక నకిలీ యాప్ పట్టుకుంది. మెటామాస్క్ అనే క్రిప్టో వాలెట్ పేరుతో వచ్చింది. నువ్వు క్రిప్టో వాలెట్ అడ్రస్ కాపీ చేస్తే, దాని స్థానంలో దొంగ తన అడ్రస్ పెట్టేస్తాడు. అంత పొడుగు అడ్రస్‌ని పేస్ట్ చేశాక ఎవరు సరిచూసుకుంటారు?

రవళి: మధ్యలో వర్క్ ప్రొఫైల్, మల్టిపుల్ యూజర్లు కూడా వచ్చాయి కదా?

శేఖర్: వచ్చాయి. ఒక్క వేరియబుల్ పోయి యూజర్‌కొక క్లిప్‌బోర్డ్ అయింది. ఆఫీసు ప్రొఫైల్ నుంచి సొంత ప్రొఫైల్‌కి పేస్ట్ కాకుండా కంపెనీ ఆపుకోవచ్చు. 2018లో ఆండ్రాయిడ్ 9లో, అంటే 'పై' అనే పేరున్న వెర్షన్‌లో, క్లిప్‌బోర్డ్ ఖాళీ చేసే ఫంక్షన్ వచ్చింది. అవును, పదేళ్ల తర్వాత! అంతవరకూ ఖాళీ టెక్స్ట్ కాపీ చేసి సరిపెట్టుకునేవాళ్లం. అసలు కథ 2019లో, ఆండ్రాయిడ్ 10లో.

రవళి: చెప్పండి.

శేఖర్: తెర మీద ఫోకస్‌లో ఉన్న యాప్, అంటే నువ్వు ఆ క్షణంలో వాడుతున్నది, లేదా నువ్వు ఎంచుకున్న కీబోర్డ్. ఈ రెండిటికే చదివే వీలు. సిస్టమ్ సర్వీసులు కొన్నిటికి మినహాయింపులుంటాయి, అది వేరే. కోడ్‌లో ఒక్క ఫంక్షన్, వరసగా ఇఫ్‌లు. నువ్వు డిఫాల్ట్ కీబోర్డ్‌వా? సరే. నీ యూఐడీకి, అంటే సిస్టమ్ నీకిచ్చిన నంబర్‌కి, ఫోకస్ ఉందా? సరే. ఏదీ కాకపోతే యాప్‌కి నల్, అంటే ఏమీ లేదన్న జవాబు, వస్తుంది, లాగ్‌లో 'ఈ యాప్ ఫోకస్‌లో లేదు కాబట్టి క్లిప్‌బోర్డ్ ఇవ్వడం లేదు' అని ఎర్రగా ఒక లైన్ పడుతుంది. ఆ లైన్ చూసి తలపట్టుకున్న డెవలపర్లు ఎంతమందో. క్లిప్‌బోర్డ్ మేనేజర్ యాప్‌ల వ్యాపారం అక్కడితో దెబ్బతింది. ఫోన్‌లో కాపీ చేస్తే కంప్యూటర్‌లోకి వచ్చే కేడీఈ కనెక్ట్ సౌకర్యం కూడా మామూలుగా పనిచేయడం మానేసింది.

రవళి: అది అన్యాయం కాదా? అవి మంచి యాప్‌లేగా.

శేఖర్: మంచి యాప్‌కి, చెడ్డ యాప్‌కి కోడ్‌లో తేడా ఉండదు రవళీ. రెండూ ఒకే ఫంక్షన్‌ని పిలుస్తాయి. నన్నడిగితే ఈ గీత ఐదేళ్ల ముందే గీయాల్సింది. అయితే అదే ఫంక్షన్‌లో ఒక చిన్న కామెంట్ ఉంటుంది: రాయడానికి ఫోకస్ అక్కర్లేదు అని. అంటే వెనకాల ఉన్న యాప్ చదవలేదు కానీ, నువ్వు కాపీ చేసిందాన్ని చెరిపేసి తన ముక్క పెట్టగలదు. నువ్వు ఏం కాపీ చేశావో తెలియకుండా చెరపాలి కాబట్టి దొంగకి గురి కుదరదు. అయినా ఆ తలుపు ఓరగా తెరిచే ఉంది.

రవళి: మరి తెర మీదున్న యాపే తొంగిచూస్తే?

శేఖర్: అదే ఫోకస్ చెక్‌కి అందనిది. మైక్రోసాఫ్ట్ 2023 మార్చిలో ఒకటి బయటపెట్టింది. షీన్ షాపింగ్ యాప్ పాత వెర్షన్ తెరవగానే క్లిప్‌బోర్డ్ చదివేది. అందులో డాలర్ గుర్తు, వెబ్ అడ్రస్‌లో వచ్చే కోలన్, రెండు స్లాష్‌లు కలిసి ఉంటే దాన్ని సర్వర్‌కి పంపేది. దురుద్దేశంతో చేశారని మైక్రోసాఫ్ట్ అనలేదు, యాప్‌లోంచి అది అప్పటికే తీసేశారు కూడా. కానీ సంగతి అర్థమైంది కదా, తెర మీదున్న యాప్ నీ చీటీ చదవడానికి నువ్వు పేస్ట్ నొక్కక్కర్లేదు.

రవళి: ఐఫోన్‌లో టిక్‌టాక్ గొడవ కూడా ఇలాంటిదే కదా?

శేఖర్: అవును, 2020. ఐఓఎస్ 14 బీటాలో యాపిల్ పైన ఒక చిన్న పట్టీ చూపించడం మొదలుపెట్టింది, ఫలానా యాప్ ఫలానా చోటినుంచి పేస్ట్ చేసిందని. జనం టిక్‌టాక్‌లో టైప్ చేస్తుంటే ఆ పట్టీ మళ్లీ మళ్లీ వచ్చింది. స్పామ్ పట్టుకోవడానికి పెట్టామని, తీసేస్తున్నామని కంపెనీ చెప్పింది. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 12లో అలాంటి టోస్టే, అంటే కాసేపు కనిపించి పోయే చిన్న సందేశమే, వచ్చింది. కోడ్‌లో చూస్తే, ప్రతి కాపీకి ఎవరెవరి గురించి చెప్పేశానో ఒక జాబితా పెట్టుకుంటుంది. అదే యాప్ మళ్లీ చదివితే మళ్లీ చెప్పదు. లేకపోతే ఆ టోస్ట్‌ల పోరు పడలేం.

రవళి: యాపిల్ తర్వాత పర్మిషన్ అడగడమే మొదలుపెట్టింది.

శేఖర్: 2022, ఐఓఎస్ 16. మొదట్లో మరీ ఎక్కువసార్లు అడిగి విసిగిస్తే కొద్ది రోజుల్లోనే 16.0.2లో తగ్గించారు. ఏది మేలంటే... టోస్ట్ వచ్చేసరికి చదవడం అయిపోయింది, దొంగ వెళ్లాక కుక్క మొరిగినట్టే. యాపిల్‌ది విసుగైనా, ఆపే శక్తి ఉంది. నేను యాపిల్ వైపే.

రవళి: ఆండ్రాయిడ్‌లో పనిచేస్తూ ఈ మాట! సరే, ఆండ్రాయిడ్ 13 సంగతి?

శేఖర్: మూడు విషయాలు. కాపీ చేయగానే కింద మూలన చిన్న ప్రివ్యూ. అందులో పాస్‌వర్డ్ కూడా కనిపించేస్తుంది కదా, అందుకని సెన్సిటివ్ అనే గుర్తు. యాప్ ఆ గుర్తు పెడితే అక్షరాల బదులు చుక్కలు కనిపిస్తాయి. మూడోది, గంట తర్వాత క్లిప్‌బోర్డ్ దానంతటదే ఖాళీ అవుతుంది. చిక్కల్లా ఆ గుర్తు యాప్ తనంతట తాను పెట్టాలి. పాత వెర్షన్ల కోసం కంపైల్ చేసే యాప్ కూడా ఆ పేరుని మామూలు స్ట్రింగ్‌గా రాసి పెట్టొచ్చు, ఒక్క లైన్ పని. ఓటీపీ కాపీ బటన్ పెట్టే ప్రతి యాప్ అది రాయాలి.

రవళి: గంట తర్వాత ఖాళీ అయితే ఇక టెన్షన్ లేనట్టేగా?

శేఖర్: సిస్టమ్ దగ్గరున్నది ఖాళీ అవుతుంది. కీబోర్డ్‌కి చదివే వీలుందని చెప్పాను కదా. అది తన దగ్గర వేరే కాపీ దాచుకుంటుంది, దాని లెక్క దానిది. గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్ అయితే క్లిప్‌బోర్డ్ ఆన్ చేసుంటే గంటసేపు ఉంచుతుంది, నువ్వు పిన్ చేస్తే తీసేదాకా ఉంటుంది. వేరే కీబోర్డ్‌లకి వేరే పద్ధతి. ఆ హిస్టరీ ఆపాలంటే కీబోర్డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. ఫోన్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఉండేది ఆ టోస్ట్ చూపించాలా వద్దా అన్న స్విచ్ మాత్రమే.

రవళి: ఇప్పుడే తెరుస్తున్నా... అన్నా, నా కీబోర్డ్‌లో పిన్ చేసినవే ఓ డజను ఉన్నాయి.

శేఖర్: చదవకు, మైక్ ఆన్‌లో ఉంది.