ఏ బెజ్జంలో ఏ పిన్ను
(కోవూరులో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీద పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అమ్మలకు, అన్నలకు, కాలేజీ పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలిగానీ, నాకంటే ముందు మాట్లాడినవాళ్లు ఆ పని పూర్తిచేశారు. నేను మైక్ సెట్టువాణ్ణి. ఇన్నేళ్లూ ఇలాంటి సభల్లో ఆంప్లిఫయర్ పక్కన కూర్చుని, వక్తలు మైకును టకటకా కొడుతుంటే పళ్లు కొరుక్కున్నాను. నేను కొట్టను లెండి.

కంప్యూటర్‌లో రికార్డింగ్ ఎలా చేసుకోవాలో చెప్పమన్నారు. అందరూ ఏ మైకు కొనాలని అడుగుతారు. ఏ బెజ్జంలో ఏ పిన్ను పెట్టాలని మాత్రం ఎవరూ అడగరు. మైకు నుంచి వచ్చే సిగ్నల్ వోల్టులో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. క్యాసెట్టు వేసే టేప్ డెక్కు వెనక, సౌండ్ బయటికొచ్చే లైన్ ఔట్ బెజ్జం నుంచి వచ్చేది దానికి వంద రెట్లకు పైమాటే. మైకు బెజ్జం లోపల ఆ చిన్న సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్ ఉంటుంది. అందులో డెక్కు లైన్ ఔట్ తెచ్చి గుచ్చితే ఏమవుతుంది? మా పెద్దమ్మ పాటలకు పట్టిన గతే పడుతుంది.

మా పెద్దమ్మ నాట్ల పాటలు పాడేది. పెన్న కాలవల కింద మొలగొలుకుల వరి నాటే రోజుల్లో ఆమె ఒక చరణం ఎత్తుకుంటే, మళ్లో వంగిన ఆడవాళ్లందరూ అందుకునేవాళ్లు. ముసలితనంలో ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, చిన్న టేప్ రికార్డర్‌తో పాడించాం. పాటకూ పాటకూ మధ్య ఆమె దగ్గు, "చాల్లేరా అబ్బయ్యా" అనడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆమె పోయాక, కంప్యూటర్‌లోకి ఎక్కించమని నెల్లూరులో ఒక స్టూడియోకి ఇచ్చాం. పేరు చెప్పను. డెక్కు లైన్ ఔట్‌ను నేరుగా మైకు బెజ్జంలో పెట్టారు. సీడీ వేస్తే గొంతు పైకి లేచిన ప్రతిచోటా బరబరమని చీలిపోయింది. సరే, క్యాసెట్ ఇవ్వండి, ఇంకోచోట చేయించుకుంటాం అన్నాను. "సీడీ ఇచ్చాంగదన్నా, ఇంకా క్యాసెట్టెందుకని పారేశాం" అన్నారు. అంత తాపీగా!

అలా చీలిన సౌండును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచెయ్యలేదు. సౌండు అలల తలలు తెగిపోయాయి. కంకులు తెగ్గోసిన చేలో గింజలు ఏరినట్టే. అందుకే చెబుతున్నాను, అసలు క్యాసెట్టును ఎవరికీ వదిలిపెట్టకండి. పక్కన కూర్చుని చేయించుకుని వెంట తెచ్చుకోండి. సీడీ వచ్చినా, పెన్‌డ్రైవ్ వచ్చినా క్యాసెట్టు పారెయ్యకండి.

ఏదో చెబుతూ ఎటో పోయాను. పిన్నులు. మా షాపుల్లో లావుపాటి పిన్నును పి-38 అంటారు, సన్నదాన్ని ఈపీ అంటారు, మూడు కాళ్లదాన్ని కెనాన్ అంటారు. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు చాలావాటికి ఒక్కటే సన్న బెజ్జం. అది సెల్‌ఫోన్ హెడ్‌సెట్ కోసం పెట్టింది. అందుకే ఆ పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉంటాయి. రెండు గీతల మైకు పిన్ను అందులో నేరుగా పెడితే సౌండ్ రాదు. మైకు పాడైందని షాపుకు తెస్తారు. మైకుకు ఏ రోగమూ లేదు, మధ్యలో మైకుకూ ఇయర్‌ఫోనుకూ వేరువేరు బెజ్జాలుండే స్ప్లిటర్ వేస్తే చాలు.

మన స్టేజీ మైకును మాత్రం ల్యాప్‌టాప్‌కు నేరుగా కలపకండి, చీమ నడిచినంత సౌండ్ వస్తుంది. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ అని చిన్న పెట్టె దొరుకుతుంది. కెనాన్ వైరు అటువైపు, యూఎస్‌బీ ఇటువైపు. దాని మీద 48వి అని బటన్ ఉంటుంది. కండెన్సర్ మైకుకే అది నొక్కాలి, దానికి 48 వోల్టులు పెట్టె నుంచే అందాలి. స్టేజీ మీద వాడే డైనమిక్ మైకుకు అక్కర్లేదు.

అమ్మాయీ, ఆ స్విచ్చుబోర్డు పక్కన ఉన్న తల్లీ, ఆ ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపు. ఉక్కపోస్తే పోసింది. విన్నారా? ఇందాకటిదాకా ఇంత చప్పుడు మన చెవులు పట్టించుకోలేదు. మైకు పట్టించుకుంటుంది. రికార్డింగప్పుడు ఫ్యాన్ ఆపండి. గుయ్‌మని హమ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో అది పాటలోకి దూరుతుంది. ఆ, ఇక వేసెయ్ తల్లీ.

రికార్డింగ్ మీటర్‌లో లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. సున్నాను తాకి ఎర్రలైటు వెలిగిందంటే మళ్లీ మా పెద్దమ్మ కథే. విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఒకటుంటుంది, అది ఆపెయ్యండి. మాటలు కానిదల్లా రొద అనుకుని తంబురా శ్రుతిని కూడా అణిచేస్తుంది. రికార్డింగ్ చేసుకునే సాఫ్ట్‌వేరు ఆడాసిటీ ఉచితంగానే దొరుకుతుంది. ఎంపీ3గా కాకుండా వేవ్ ఫైలుగా దాచండి. స్టీరియోలో నిమిషానికి పది ఎంబీ దాకా పడుతుంది, పడనివ్వండి. రెండు చోట్ల కాపీ పెట్టండి.

ఈ చుట్టుపక్కల నాట్ల పాటలు వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. మిషన్లు వచ్చాక పాడే పని లేక నోరు మూసుకున్నారంతే. మీ అవ్వను అడగండి. మీ ఇంట్లో పాత క్యాసెట్లుంటే ఆదివారం పొద్దున ఇక్కడికి తీసుకురండి. నా డెక్కుకు కొత్త బెల్టు వేశాను, హెడ్డు తుడిచాను. డబ్బులు వద్దు. మీరు పక్కనే కూర్చోండి, ఎక్కించడం అయ్యాక క్యాసెట్టు మీ చేతికే ఇస్తాను.