లేఖ అడిగే ముందు ఒక్క కాగితం

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో ఆగస్టులో మొదలయ్యే ఎం.ఎస్. తరగతులకు చాలా విశ్వవిద్యాలయాలలో దరఖాస్తు గడువు డిసెంబరు, జనవరి నెలలలోనే ముగుస్తుంది కనుక, ఏటా ఆ రోజులకు ముందు మన ఇంజనీరింగు కళాశాలల స్టాఫ్ రూముల ఎదుట సిఫారసు లేఖల కోసం విద్యార్థులు బారులు తీరుతారు. సివిల్ ఇంజనీరింగు బోధించే నా దగ్గరకూ వస్తారు. ఎక్కువమంది చేతిలో మార్కుల జాబితా ఉంటుంది. కొందరి చేతిలో నా పేరుతో టైపు చేయించిన లేఖే ఉంటుంది, సంతకమే తరువాయి.

కొన్నేళ్ల క్రితం ఒక అబ్బాయి వచ్చి, "సార్, నేను మీకు గుర్తున్నానో లేదో" అన్నాడు. ముఖం గుర్తుంది, పేరు గుర్తులేదు. అతను మార్కులు చూపించలేదు. పాత కాంక్రీటు ల్యాబు రికార్డు తెరిచి ఒక పేజీ నా ముందు పెట్టాడు. 28 రోజులు నీటిలో ఉంచిన 150 మిల్లీమీటర్ల క్యూబులు మూడింటిని యంత్రంలో పెట్టి పగలగొట్టిన పరీక్ష అది. రెండింటి బలం దగ్గరదగ్గరగా ఉంది, మూడవదానిది బాగా తక్కువ. అలాంటప్పుడు పక్క బ్యాచి అంకె చూసి సరిపెట్టేయడం ల్యాబులలో కొత్తేమీ కాదు. ఈ అబ్బాయి వచ్చిన అంకెనే వేసి, కింద కారణం రాశాడు: పోతపోసినప్పుడు తాపీతో చదును చేసిన ముఖం పక్కకు ఉండవలసింది, తాను పొరపాటున దానిని పైకి పెట్టానని. పక్కనే నా ఎర్రసిరా టిక్కు ఉంది. ఆ టిక్కు చూడగానే ఆ మధ్యాహ్నమంతా నా కళ్లముందుకు వచ్చింది. ఆ సాయంత్రమే కూర్చుని లేఖ రాశాను. "తెలివైనవాడు, కష్టపడతాడు" అనే మాటలతో పని పడలేదు.

విద్యార్థులను నేను కోరేది ఒక్క కాగితం. ఏ సంవత్సరం, ఏ సబ్జెక్టు, ఆ ఉపాధ్యాయుడి కళ్లెదుట మీరు చేసిన పని ఏమిటి, ఏయే విశ్వవిద్యాలయాలు, ఏ తేదీ గడువు, ఇవన్నీ ఆ ఒక్క కాగితం మీద రాసి, గడువుకు కనీసం నెల ముందు స్వయంగా వెళ్లి ఇవ్వండి. "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అనే తోటి అధ్యాపకులకు తీరిక ఉండదని నాకు తెలుసు. అయినా, మనం చూసినది మనమే రాయడం మన బాధ్యత అని నా నమ్మకం. 1974 నాటి అమెరికా చట్టం విద్యార్థికి, అక్కడ చేరిన తరువాత, ఆ లేఖను చూసే హక్కు ఇస్తుంది. దరఖాస్తులో ఆ హక్కును వదులుకునే చోట టిక్కు పెట్టడమే మంచిది, అప్పుడే చదివేవారికి లేఖ మీద గురి కుదురుతుంది.

కాగితం ఇచ్చాక, "సార్, నా గురించి రాయడానికి మీకు ఇది సరిపోతుందా?" అని అడగండి. వారు తటపటాయిస్తే నొచ్చుకోకుండా నమస్కరించి, మీ పనిని దగ్గరగా చూసిన మరొకరి దగ్గరకు వెళ్లండి. నెల ముందు అడగమన్నది అందుకే.