లాయరు దాచుకోవాల్సిన నిజం

శ్రోతలందరికీ నమస్కారం.

ఒక లాయరు హత్య కేసులో ఇరుక్కునే కథ అంటే మనలో చాలామంది నిద్ర మానేసి మరీ చదువుతారు, చూస్తారు. చివరిదాకా మనల్ని లాక్కెళ్లేది ఒకటే ప్రశ్న, చంపింది ఎవరు అని. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఆ ప్రశ్న నిజానికి పోలీసు కథది. లాయరు కథకి గుండె వేరేచోట ఉంది. పోలీసుకి నిజం తెలిస్తే దాన్ని బయటపెట్టడం అతని ఉద్యోగం. లాయరుకి తన క్లయింటు నోటి నుంచి నిజం తెలిస్తే, దాన్ని కడుపులో పెట్టుకోవడం అతని ఉద్యోగం. అలా పెట్టుకుని మర్నాడు ఉదయం కోర్టుకి వెళ్లి, అందరి ముందూ నిలబడి మాట్లాడాలి. అంతకంటే టెన్షన్ పుట్టించే పరిస్థితి ఇంకేముంటుంది చెప్పండి.

ఇది కథకులు ఊహించి రాసింది కాదు, నిజంగా జరిగింది. ఒకసారి కాదు, చాలాసార్లు జరిగింది.

1840 మే నెల, లండన్. లార్డ్ విలియం రసెల్ అనే 72 ఏళ్ల పెద్దమనిషి తన ఇంట్లోనే, మంచం మీదే, గొంతు తెగి చనిపోయి ఉన్నాడు. అనుమానం ఆయన దగ్గర పనిచేసే కూర్వాజియే అనే స్విట్జర్లాండ్ కుర్రాడి మీద పడింది. అతనికి డిఫెన్స్ లాయరు చార్లెస్ ఫిలిప్స్, మాటకారి, పేరున్నవాడు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లండులో ఇలాంటి పెద్ద నేరాల కేసుల్లో ముద్దాయి తరఫు లాయరు జ్యూరీతో, అంటే దోషో కాదో తేల్చే మామూలు పౌరుల బృందంతో, నేరుగా మాట్లాడొచ్చు అని చట్టం వచ్చింది 1836లో. అంటే అప్పటికి నాలుగేళ్లే అయింది. డిఫెన్స్ లాయరు ఎంతవరకు వెళ్లొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది అప్పటికింకా ఎవరికీ సరిగ్గా తేలని విషయం.

జూన్‌లో ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ మొదలైంది. మొదటి రోజు డిఫెన్స్‌కి బాగానే నడిచింది, ప్రాసిక్యూషన్ దగ్గర గట్టి ఆధారం లేదు అనిపించింది. అంతలో ఒక హోటల్ యజమానురాలు ముందుకొచ్చింది. ఈ కుర్రాడు హత్యకి ముందు తన దగ్గర ఒక మూట దాచి వెళ్లాడని, అందులో వెండి సామాను ఉందని చెప్పింది. ఆ వెండి రసెల్ ఇంటిది. మర్నాడు కోర్టు మొదలయ్యే ముందు కూర్వాజియే తన లాయర్లని పిలిపించి, చంపింది నేనే అని చెప్పేశాడు. ఫిలిప్స్ నిర్ఘాంతపోయి, అయితే నేరం ఒప్పేసుకుంటావా అని అడిగితే, లేదు, మీరు చివరిదాకా నా తరఫున వాదించాల్సిందే అన్నాడు.

ఫిలిప్స్ స్థానంలో ఒక్కసారి మిమ్మల్ని ఊహించుకోండి. విచారణ సగంలో ఉంది. ఇప్పుడు కేసు వదిలేసి వెళ్లిపోతే, ఎందుకు వదిలేశాడో జ్యూరీలో ప్రతి మనిషికీ అర్థమైపోతుంది, అంటే నోరు తెరవకుండానే క్లయింటుని ఉరికంబం ఎక్కించినట్టే. ఉండి వాదిస్తే, హంతకుడని తెలిసిన మనిషి కోసం వాదించాలి. ఆయన ముందు తప్పుకుందామనే అనుకున్నాడు. తర్వాత అదే బెంచి మీద ఉన్న బ్యారన్ పార్క్ అనే జడ్జి దగ్గరకి వెళ్లి సలహా అడిగాడు. క్లయింటు కొనసాగమంటున్నాడు కాబట్టి కొనసాగాలి, సాక్ష్యాల నుంచి న్యాయంగా తీయగలిగిన ప్రతి వాదనా తీయాలి అని జవాబు వచ్చింది. ఫిలిప్స్ కొనసాగాడు. జ్యూరీ మాత్రం దోషి అని తేల్చింది. జూలై 6న న్యూగేట్ జైలు బయట, పెద్ద జనం ముందు కూర్వాజియేని ఉరితీశారు.

అయితే కథ అక్కడ ఆగలేదు. లాయరుకి ముందే తెలుసన్న సంగతి బయటికి పొక్కింది. తెలిసి కూడా పోలీసుల మీద, ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయి మీద అనుమానం వచ్చేలా మాట్లాడాడని పత్రికలు ఫిలిప్స్‌ని దుమ్మెత్తిపోశాయి. దాదాపు పదేళ్ల తర్వాత కూడా ఆయన తన పేరు కాపాడుకోవడానికి ఉత్తరాలు అచ్చు వేయించుకోవాల్సి వచ్చింది. నా దృష్టిలో ఫిలిప్స్ కేసులో ఉండిపోవడం సరైనదే. ఏ పాపం తెలియని పనిమనిషి మీద నీడ పడేలా మాట్లాడి ఉంటే మాత్రం, అది తప్పే. ఈ రెంటి మధ్య గీత ఎంత సన్నగా ఉందో చూడండి. ఆ గీత మీద నడిచే మనిషిని చూపించగలిగితే చాలు, కథలో ఇంకో శవం అక్కర్లేదు.

అసలు ఈ రహస్యం నియమం ఎందుకు, హంతకులని కాపాడటానికా అని మీరు అడగొచ్చు. నాకు తెలిసినంతలో దీనికి బలమైన జవాబు హంతకుల గురించి కాదు, నిర్దోషుల గురించి. నిర్దోషి కూడా తన లాయరుతో అబద్ధం చెప్తాడు. ఆ రాత్రి అటువైపు వెళ్లలేదంటాడు, కానీ వెళ్లాడు. చనిపోయినవాడితో గొడవే లేదంటాడు, కానీ అప్పు విషయంలో పెద్ద గొడవ అయింది. చెప్తే తననే దోషి అనుకుంటారని భయం. ఆ దాచిన ముక్క కోర్టులో ప్రాసిక్యూషన్ చేతిలోంచి ఊడిపడినప్పుడు, దానికి సిద్ధంగా లేని లాయరు ఏం చేయగలడు? సాక్షిని ఏం క్రాస్ ఎగ్జామిన్ చేయగలడు? అందుకే, నువ్వు ఏం చెప్పినా నా దగ్గరే ఉంటుంది అన్న భరోసా ఇవ్వాలి. ఆ భరోసా నిర్దోషికి మాత్రమే ఇస్తాం, దోషికి ఇవ్వం అంటే కుదరదు, ఎందుకంటే మొదటిరోజు ఆ గదిలో ఎదురుగా కూర్చున్నవాడు ఎవరో ఎవరికీ తెలియదు కదా.

ఇక్కడి నుంచి అమెరికాకి వెళ్దాం, 1973కి. న్యూయార్క్ రాష్ట్రంలో రాబర్ట్ గారో అనే వ్యక్తిని ఒక యువకుడి హత్య కేసులో పట్టుకున్నారు. అతని లాయరు ఫ్రాంక్ అర్మానీ, అంతకుముందు కూడా గారో తరఫున పనిచేసినవాడు. ఇది తన అనుభవానికి మించిన కేసు అని ఫ్రాన్సిస్ బెల్జ్ అనే క్రిమినల్ లాయరుని తోడు తెచ్చుకున్నాడు. మాటల్లో మాటగా గారో ఇంకో ఇద్దరు యువతులని కూడా చంపానని, శవాలు ఎక్కడున్నాయో కూడా చెప్పాడు. అప్పటికి ఆ అమ్మాయిల కోసం ఊళ్లు గాలిస్తున్నారు. లాయర్లిద్దరూ వెళ్లి చూశారు. నిజమే, శవాలున్నాయి. ఫొటోలు తీసుకున్నారు, తిరిగొచ్చారు, ఎవరికీ చెప్పలేదు.

ఆ అమ్మాయిల్లో ఒకరి తండ్రి లాయరు దగ్గరకే వచ్చి అడిగాడు, మా అమ్మాయి గురించి ఏమైనా తెలుసా అని. ఏమీ చెప్పకుండా ఆయన్ని పంపించేయాల్సి వచ్చింది.

నాకు ఈ ఒక్క ఘట్టం దగ్గర మనసు ఆగిపోతుంది. ఎన్ని నియమాలు చదివినా, ఎంత సమర్థించుకున్నా, ఎదురుగా ఒక తండ్రి కూర్చుని ఉంటే ఆ నియమం ఎంత బరువో అప్పుడు తెలుస్తుంది. మరుసటి ఏడాది, 1974లో, గారో మతిస్థిమితం లేదన్న వాదన కోసం బోనులోనే ఆ హత్యలన్నీ ఒప్పుకున్నాడు. అప్పుడు గానీ లాయర్లు నోరు విప్పలేదు. జనం భగ్గుమన్నారు. బెదిరింపులు వచ్చాయి, అర్మానీ ప్రాక్టీసు దెబ్బతింది. శవం సంగతి తెలిసి చెప్పలేదని, ప్రజారోగ్య చట్టం కింద బెల్జ్ మీద కేసు కూడా పెట్టారు. 1975లో కోర్టు దాన్ని కొట్టేసింది. లాయరు తన బాధ్యతే నిర్వర్తించాడని తేల్చింది. చట్టం దృష్టిలో గెలిచారు. వాళ్ల చుట్టుపక్కల మనుషులకి మాత్రం చాలాకాలం వాళ్లు దోషులుగానే మిగిలిపోయారు.

అలాగని క్లయింటు ఏం చెప్పినా లాయరు తలూపాలని కాదు. జరిగిపోయిన నేరం గురించి చెప్తే అది రహస్యం. జరగబోయే నేరానికి సాయం అడిగితే అది రహస్యం కిందకి రాదు, ఇంగ్లండులో 1884లోనే కోర్టు ఈ మాట స్పష్టం చేసింది. కోర్టులో అబద్ధం చెప్పించడమూ కుదరదు. దీనికి అమెరికాలో వైట్‌సైడ్ అనే ముద్దాయి కేసు మంచి ఉదాహరణ. అతను ఒకణ్ణి పొడిచి చంపాడు, ఆత్మరక్షణ కోసం అన్నాడు. చనిపోయినవాడి చేతిలో తుపాకీ చూశావా అని లాయరు అడిగితే, చూడలేదు, కానీ ఉందనుకున్నాను అన్నాడు. విచారణ దగ్గరపడే సరికి మాట మారింది, చేతిలో ఏదో లోహంలాంటిది కనిపించింది అనడం మొదలుపెట్టాడు. అలా చెప్పకపోతే నా పని అయిపోయినట్టే అన్నాడు. లాయరు ఒప్పుకోలేదు. నువ్వు అలా అబద్ధం చెప్తే నేను జడ్జికి చెప్పేస్తాను, కేసులోంచి తప్పుకుంటాను అన్నాడు. వైట్‌సైడ్ ఆ ముక్క చెప్పకుండానే వాంగ్మూలం ఇచ్చాడు, శిక్ష పడింది. నా లాయరే నన్ను అడ్డుకున్నాడని పై కోర్టులకి వెళ్లాడు. 1986లో అమెరికా సుప్రీంకోర్టు లాయరు చేసిందే సరి అంది. ఒక మనిషి జీవితం ఒక చిన్న వాక్యం మీద వేలాడింది. దాన్ని పలకనివ్వకపోవడమే ఆ లాయరు చేసిన పని. ఇంత చిన్న విషయంలో ఇంత డ్రామా ఉండగా, చివరి నిమిషంలో తలుపు తోసుకుని వచ్చే సాక్షితో కథ ముగిస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైనది చెప్తాను.

1982, షికాగో. ఒక రెస్టారెంట్‌లో దోపిడీ జరిగి సెక్యూరిటీ గార్డు చనిపోయాడు. కళ్లారా చూశామన్న సాక్షుల మాట మీద ఆల్టన్ లోగన్ అనే అతన్ని అరెస్టు చేశారు. అదే సమయంలో ఆండ్రూ విల్సన్ అనే ఇంకొకడు, ఇద్దరు పోలీసులని చంపిన కేసులో లోపల ఉన్నాడు. విల్సన్ తరఫున డేల్ కవెంట్రీ, జేమీ కుంజ్ అనే లాయర్లున్నారు, డబ్బులేని ముద్దాయిలకి ప్రభుత్వం ఇచ్చే లాయర్లు. ఆ రెస్టారెంట్ హత్య లోగన్ చేసింది కాదని వాళ్ల చెవిన పడింది. వెళ్లి విల్సన్‌ని అడిగితే, అవును, అది నేనే అన్నాడు.

ముందు చెప్పిన కేసుల్లో దాచిన నిజం దోషి గురించినది, లేదా చనిపోయినవాళ్ల గురించినది. ఇక్కడ ఏ తప్పూ చేయని మనిషి బతికుండి జైల్లో ఉన్నాడు. నోరు విప్పితే తమ క్లయింటుని తామే చావుకి పంపినట్టు. విప్పకపోతే, ఇంకొకడి బతుకు పోతుంది. ఇద్దరూ ఒక అఫిడవిట్ రాశారు, నోటరీ చేయించారు, కవర్లో పెట్టి సీలు వేసి, ఒక ఇనప పెట్టెలో దాచారు. నేను చచ్చిపోయాక చెప్పుకోండి అని విల్సన్ దగ్గర అనుమతి తీసుకున్నారు. లోగన్‌కి మరణశిక్ష పడితే మాత్రం ఆపడానికి ఏదో ఒకటి చేయాల్సిందే అనుకున్నారు. యావజ్జీవ శిక్ష పడింది. పెట్టె మూసే ఉంది.

2007లో విల్సన్ జైల్లో చనిపోయాడు. పెట్టె తెరిచారు. 2008లో లోగన్ విడుదలయ్యాడు. అప్పటికి 26 ఏళ్లు లోపలే గడిచిపోయాయి.

ఈ సంగతి బయటికొచ్చాక లాయర్లని చాలామంది తిట్టారు. నేను తిట్టలేను. వాళ్ల చేతుల్లో ఉన్నది వాళ్ల రహస్యం కాదు. అయితే నియమాన్ని మాత్రం తిడతాను, ఇక్కడ నా అభిప్రాయం సూటిగానే చెప్తున్నాను. మనిషి ప్రాణం పోకుండా ఆపడానికి లాయరు నోరు విప్పొచ్చు అన్న మినహాయింపు ఇప్పుడు అమెరికాలో చాలాచోట్ల ఉంది. నిర్దోషి జైల్లో మగ్గకుండా ఆపడానికి కూడా విప్పొచ్చు అన్న మినహాయింపు, ఈ కేసు బయటపడే నాటికి మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంది, షికాగో ఉన్న ఇల్లినాయిలో లేదు. 26 ఏళ్ల జైలు ప్రాణం పోవడం కంటే తక్కువెలా అవుతుంది? క్లయింటు చెప్పిన మాటని క్లయింటు మీదే సాక్ష్యంగా వాడకూడదు అని షరతు పెట్టి, నిర్దోషిని విడిపించే దారి తెరవొచ్చు. భరోసా నిలుస్తుంది, అవతలి మనిషీ బయటపడతాడు. ఇది అసాధ్యమని నేను నమ్మను.

ఈసారి మీరు ఇలాంటి కథ చదివినా చూసినా, చంపింది ఎవరో కనిపెట్టే పని కాసేపు పక్కనపెట్టి ఆ లాయరుని గమనించండి. అతనికి ఏం తెలుసు, ఎవరు చెప్తే తెలిసింది, అందులో బయటికి చెప్పగలిగింది ఎంత, ఇంటికెళ్లి భార్యకి కూడా చెప్పుకోలేనిది ఎంత. రచయిత ఆ లెక్క సరిగ్గా రాస్తే హంతకుడు ఎవరో మూడో పేజీలోనే తెలిసిపోయినా మీరు పుస్తకం మూయలేరు. క్లయింటు రహస్యాన్ని లాయరు ఎవరో స్నేహితుడికి ఫోన్‌లో చెప్పేసి, కథ హాయిగా ముందుకెళ్లిపోతే మాత్రం, ఆ రచయిత అసలు కథని చేజేతులా వదిలేసుకున్నట్టే.

సెలవు, నమస్కారం.