నజఫ్ నుంచి వచ్చిన జవాబు

శ్రోతలకు నమస్కారం. ఫత్వా అనగానే మనలో చాలామందికి శిక్షో, బెదిరింపో గుర్తొస్తుంది. అసలు ఫత్వా అంటే జవాబు. ఎవరో ప్రశ్న రాసి పంపుతారు, పండితుడు జవాబు రాసిస్తాడు. అలాంటి ఒక్క జవాబు ఇరాక్‌లో ఏం చేసిందో చెబుతాను.

2003లో సద్దాం ప్రభుత్వం కూలింది. బాగ్దాద్‌లో అమెరికా తరఫున పాల్ బ్రెమర్ పాలిస్తున్నారు. కొత్త రాజ్యాంగం రాసేవాళ్లను నియమిద్దామన్న ఆలోచన నడుస్తోంది. ఇది సరైనదేనా అని కొందరు షియాల పవిత్ర నగరం నజఫ్‌లో ఉండే పెద్ద షియా పండితుడు ఆయతుల్లా అలీ సిస్తానీని అడిగారు. జూన్ చివర్లో జవాబు వచ్చింది. నియమించే అధికారం అమెరికా వాళ్లకు లేదు. ముందు ఎన్నిక, తర్వాత రాత, రాశాక మళ్లీ ప్రజల ఓటు. ఈ వరసే ముఖ్యం. ముందు ఎన్నిక, తర్వాత రాత.

నవంబరులో అమెరికా మరో పద్ధతి తెచ్చింది. ప్రావిన్సుల్లో సభలు పెట్టి ప్రతినిధులను ఎంచుతామంది. సిస్తానీ దానికీ ఒప్పుకోలేదు. 2004 జనవరిలో ఎన్నికలు కావాలంటూ బాగ్దాద్ వీధులు జనంతో నిండాయి. ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి దూత లఖ్దర్ బ్రాహిమీ నజఫ్ వెళ్లి ఆయనను కలిశారు. 2005 జనవరి 30న ఎన్నికలు, అక్టోబరు 15న రాజ్యాంగంపై ఓటింగు జరిగాయి. బ్రెమర్‌ను మాత్రం సిస్తానీ ఒక్కసారి కూడా కలవలేదు. సిస్తానీ పుట్టింది ఇరాన్‌లోని మషద్‌లో. పదవి లేదు, పార్టీ లేదు.

మరి ఆ బలం ఎక్కడిది? సామాన్య షియా ముస్లిం ధర్మ విషయాల్లో ఒక పెద్ద పండితుణ్ణి తానే ఎంచుకుని అనుసరిస్తాడు. దాన్ని తఖ్లీద్ అంటారు. ఖుమ్స్ అనే ధార్మిక చెల్లింపు కూడా ఆ పండితుడు చెప్పిన ప్రకారమే ఇస్తాడు. ఏడాది ఆదాయంలో ఇంటి ఖర్చులు పోను మిగిలినదాంట్లో ఐదో వంతు ఖుమ్స్. యాభై వేలు మిగిలితే పదివేలు. అందులో సగం పేద సయ్యదులకు, అంటే ప్రవక్త వంశీకులకు. మిగతా సగం ఇమాం వాటా (మసీదు ఇమాం కాదు, షియాలు నమ్మే అదృశ్య పన్నెండో ఇమాం), దాన్ని పండితుడి అనుమతితోనే ఖర్చుపెట్టాలి. మదర్సా విద్యార్థుల భత్యాలకూ ఇందులోంచే ఇస్తారు. సర్కారు ఆపగలిగే జీతం కాదది. నా దృష్టిలో ఆ బలానికి అసలు పునాది ఇదే.

ఖుమ్స్ లెక్కలో తప్పు జరిగేది ఎక్కువగా రెండుచోట్ల. సంవత్సరాంతానికి ఒక తేదీ ఖాయం చేసుకోకపోవడం ఒకటి. ఆ రోజుకి ఇంట్లో మిగిలిన బియ్యం, నూనెలను వదిలేయడం రెండోది. అవీ లెక్కలోకి వస్తాయి. సందేహమొస్తే హైదరాబాద్ పాతబస్తీలో సిస్తానీని అనుసరించేవాళ్లు చేసేదీ అదే, ప్రశ్న రాసి పంపడం.