నీళ్లు తగ్గాక ఏరు దాచే గుంత

సభకు నమస్కారం. ఈ కడప సభలో కమలాపురం దారి తెలియనివారు తక్కువే. 2021 నవంబరులో పాపాఘ్ని వంతెన కుంగి కూలినప్పుడు, ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకతో ఎండిపోయి ఉండే ఏరుకు అంత బలం ఎక్కడిదని చాలామంది ఆశ్చర్యపోయారు. మన జిల్లాకు అది కొత్త కాదు. 1902 సెప్టెంబరులో మంగపట్నం దగ్గర వరదకు వంతెన దెబ్బతిని మెయిలు రైలు నీళ్లలో పడింది.

పాత వంతెన అనగానే పెచ్చులూడిన కాంక్రీటు, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు మన కళ్లలో మెదులుతాయి. వరదలో కూలే వంతెనలకు ఎక్కువగా ఎసరు పెట్టేది అవి కావు, కాళ్ల కింద ఇసుక జారిపోవడం. వరద నీరు స్తంభానికి తగిలి కిందికి దూకుతుంది. అడుగున సుడి తిరిగి, గుర్రపు నాడా ఆకారంలో దాని చుట్టూ ఇసుకను తోడేస్తుంది. ఉధృతి తగ్గేటప్పుడు పైనుంచి కొట్టుకొచ్చిన ఇసుకే ఆ గుంతను పూడుస్తుంది. మనం వేసవిలో తనిఖీకి వచ్చి జీపు దిగి చూసేసరికి అంతా చదును. ‘పునాది బాగుంది’ అని రాస్తాం. నేనూ రాశాను, సంతకం కూడా పెట్టాను.

ఆ గుంతను పట్టించే చవకైన సాధనం ఇనుప గొలుసు. స్తంభం పక్కన గొట్టం దించి, అందులోంచి గొలుసును నిలువుగా వేసి, గొట్టాన్ని పైకి లాగేస్తాం. వరదలో ఇసుక ఎంత లోతు పోతే అంత మేర గొలుసు నీటివాలుకు పడిపోతుంది. తర్వాత ఇసుక కప్పేసినా మళ్లీ లేవదు. ఒక వాగులో మేం తవ్వినప్పుడు రెండడుగుల్లో గొలుసు వంగిన చోటు దొరుకుతుందనుకున్నాం. మనిషి నిలువు దాటినా దొరకలేదు. కూలివాడు పలుగు ఆపి నా ముఖం చూశాడు. నా సంతకం సంగతి అతనికి తెలియదు, అదే నయం.

వరద ఏటి అడుగును ఎంత లోతు కోస్తుందో లెక్కగట్టే లేసీ సూత్రం ప్రకారం, వెడల్పులో మీటరుకు పారే నీరు 8 రెట్లయితే కోత లోతు 4 రెట్లవుతుంది. సర్కారు తుమ్మ మోపులు వంతెన కళ్లకు, అంటే స్తంభాల మధ్య ఖాళీలకు, అడ్డుపడితే నీరంతా మిగిలిన కళ్ల గుండా దూరుతుంది. పైగా ఇసుక తవ్వకాలతో ఏటి మట్టం దిగిపోతే, కట్టిననాడు లోతనుకున్న పునాది ఒడ్డున కూర్చున్నట్టే.

‘వందేళ్ల వరద’ అన్న మాటతో మోసపోవద్దు. తాతల కాలంలో వచ్చింది కాబట్టి ఇప్పట్లో రాదని దానికి అర్థం కాదు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి 1. అంటే 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. అదీ వానల లెక్క మాత్రమే. 2021లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లమీద పడినప్పుడు ఆ లెక్క ఎందుకూ పనికిరాలేదు. పైన ఉన్న జలాశయం పరిస్థితి చూడకుండా కింది వంతెనకు మార్కులు వేయడం దండగ.

ఏ వంతెన ముందు బాగుచేయాలంటే వయసొక్కటే చూడకండి. పునాది ఎంత లోతో కాగితాల్లో లేని వంతెనను, అది తెగితే ఆసుపత్రికి దారి లేని ఊళ్లను ముందు పెట్టండి.

వరద రోజున మీరు చేయగలిగింది ఒకటుంది. వంతెన ఎక్కకుండా, ఒడ్డు నుంచి రెయిలింగు వెంబడి చివరిదాకా చూపు సారించండి. గీత ఒకచోట కుంగినట్టు కనిపిస్తే, ముందు లారీలను ఆపించండి. ఫోను ఆ తర్వాత చేయవచ్చు.